కర్రెన్నకు రాజమర్యాద

ఒకానొక కాలంలో నాగవంక రాజ్యాన్ని రణమార్తాండుడనే రాజు ఏలేవాడు. ఏలుబడి సంగతి ఎలా ఉన్నా, తన వంశం గొప్ప చెప్పుకోవడంలో ఆయన్ని మించినవాడు లేడు.

ఆయన కొలువులో జటావల్లభుడనే మాంత్రికుడు ఉండేవాడు. ఒకనాడు ఊరేగింపులో గొర్రెలకాపరి బీరమ్మ కుక్క కర్రెన్న అతని పట్టుపంచె పట్టి లాగింది. పంచె చిరిగింది, బజారంతా నవ్వింది. ఆ ఉక్రోషంతో మర్నాడు సభలో పెద్ద కథ అల్లాడు. అది కుక్క కాదట, పొరుగు రాజట. ముని శాపంతో కుక్కై గూఢచారిగా తిరుగుతున్నాడట. పొద్దుగూకేలోగా తల తీయించకపోతే ఆ శాపం మన రాజుగారికే అంటుకుంటుందట.

రాజు నమ్మేశాడు. భటులు కుక్కనూ బీరమ్మనూ సభకు ఈడ్చుకొచ్చారు.

బీరమ్మ కర్రెన్నను దగ్గరికి లాక్కుంది. ఏటి వరదలో కొట్టుకుపోతుంటే కొంగు పళ్లతో పట్టి తనను ఒడ్డుకు లాగిన ప్రాణి అది. దాన్ని చంపితే తానూ బతకలేదు. కానీ సింహాసనం మీద మనిషికి ఏడుపులు వినే అలవాటు లేదని చూడగానే తెలిసిపోయింది. అందుకే కళ్లు తుడుచుకుని దండం పెట్టింది.

"నిజమే సామీ, నాకూ అనుమానంగానే ఉండేది. తిన్నాక కదలడు, అడ్డొచ్చినోళ్ల మీద అరుస్తాడు. రాజే అయ్యుంటాడు."

సభలో ఎవరో నవ్వు మింగారు. బీరమ్మ అడిగింది. "శత్రువే అనుకోండి, సాటి రాజు సభకొస్తే మీ వంశంలో ఏం చేస్తారు?"

రాజు ఛాతీ విరిచాడు. లేచి ఎదురెళ్లి, కాళ్లు కడిగి, తన ఆసనంలో సగం ఇచ్చాకే మాట్లాడతామనీ, ఏడు తరాలుగా ఆ మర్యాద తప్పలేదనీ చెప్పాడు.

"అయితే లేవండి సామీ. ఆయనొచ్చి చాలాసేపయింది."

కర్రెన్న నేలమీద చతికిలబడి వెనక కాలితో చెవి గోక్కుంటోంది. రాజు మొహం కందగడ్డయింది.

"కుక్కకు నేను లేవాలా?"

"కుక్కయితే అక్కర్లేదు సామీ. మీ నోటితోనే కుక్క అన్నారు కాబట్టి నా కుక్కను నేను తోలుకుపోతా. కాదు, రాజేనంటారా, నీళ్లు తెప్పించండి."

రాజు కోపం మాంత్రికుడి మీదికి మళ్లింది. గుర్తుపట్టినవాడివి నువ్వే కాబట్టి ముందు నువ్వే కాళ్లు కడుగు అని చెంబు చేతికిప్పించాడు. మాంత్రికుడు నాలుగడుగులు వేశాడో లేదో, కర్రెన్న గుర్రుమంది. అంతే, చెంబు ఒక పక్క, మాంత్రికుడు ఒక పక్క. తలపాగా జారినా తీసుకోకుండా కోట దాటాడు.

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. వంద గొర్రెలూ, కొండకింద పచ్చికబయలూ బీరమ్మకు ఇప్పించాడు. ఆమె అవేవీ వినిపించుకోలేదు. కర్రెన్న మెడ వాటేసుకుని బావురుమంది. ఆ సంబరానికి అది గొంతెత్తి ఒక్క అరుపు అరిచింది.

రాజు ఉలిక్కిపడి సింహాసనం మీంచి లేచి నిలబడ్డాడు. రాజు లేచాడు గనక సభంతా లేచింది.

"కూర్చోండి సామీ," అంది బీరమ్మ. "మావాడు వెళ్లొస్తానంటున్నాడు."