తొందరపడిన కిన్నెర

బొబ్బిలిలో బొమ్మల సినిమాలు తీసే కిన్నెర అనే అమ్మాయి ఉండేది. పనిలో మంచి నేర్పరే కానీ, దేన్నైనా పరీక్షించి చూసే ఓపిక మాత్రం ఆమెకు బొత్తిగా లేదు.

ఒకసారి ఆ ఊరి బడిపిల్లలు ముప్ఫైమంది కలిసి, బడికి వచ్చిన ఏనుగు కథకు బొమ్మలు గీశారు. వాటిని సినిమాగా మార్చే పని కిన్నెర తీసుకుంది. ఆదివారం సాయంత్రం అయిదింటికి బడిలో ప్రదర్శన. గురువారం ఉదయం ఎనిమిదింటికి ఆమె పని మొదలుపెట్టింది. సినిమాకి కావలసిన అన్ని బొమ్మలూ తయారుకావడానికి అరవై గంటలు పడుతుందని కంప్యూటర్ చూపించింది. అంటే శనివారం రాత్రికే అయిపోతుంది.

"అంతసేపా!" అంది కిన్నెర. "ప్రాసెసర్ వేగం పెంచేస్తాను."

ఆమె పెద్దమ్మ సీతారత్నం కాలేజీ ప్రయోగశాలలో ముప్ఫై ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషి. పక్క గదిలో బీన్స్ తుంచుకుంటూ ఈ మాట విన్నది.

"పెంచుకోవే, తప్పులేదు. కాస్త కాస్తగా పెంచు. పెంచిన ప్రతిసారీ ఓ ఇరవై నిమిషాలు పరీక్షించు" అంది.

"పరీక్షలకి టైమెక్కడుంది పెద్దమ్మా?" అని కిన్నెర నవ్వేసింది. నాలుగు గిగాహెర్ట్జ్ దగ్గరున్న వేగాన్ని ఒక్కసారే అయిదుకి తోసింది. కంప్యూటర్ మొరాయించింది. ఆమె వోల్టేజీ కూడా పెంచేసింది. ఈసారి పరుగు అందుకుంది. ఫ్యాన్లు హోరెత్తాయి. ప్రాసెసర్ వేడి తొంభై ఆరు డిగ్రీలకు చేరి, గదిలో పొయ్యి దగ్గర కూర్చున్నట్టు ఉక్కపోసింది. మధ్యలో రెండుసార్లు కంప్యూటర్ దానంతటదే ఆగి మళ్లీ మొదలైంది. కిన్నెర పట్టించుకోలేదు.

శుక్రవారం ఉదయం టీచర్ హైమవతి గారు, ఏనుగు బొమ్మ గీసిన మల్లిక అనే పాపను వెంటబెట్టుకుని వచ్చారు. కిన్నెర గర్వంగా తెర తిప్పి చూపించింది.

మల్లిక కళ్లు పెద్దవి చేసి చూసింది. "అక్కా, నా ఏనుగు తొండం ఏమైంది?"

తొండం ఉండాల్సిన చోట నల్లటి మచ్చ ఉంది. తర్వాతి బొమ్మలో బడి గోడ నిండా పచ్చటి చుక్కలు. ఆ తర్వాతి దాంట్లో పిల్లలకి ముఖాలే లేవు. వేడెక్కిన ప్రాసెసర్ వేగంగా పరిగెత్తింది కానీ, లెక్కల్లో తప్పులు చేసింది. మొదటి మూడు గంటల బొమ్మలు తప్ప మిగతావన్నీ పాడైపోయాయి.

కిన్నెర ముఖం చిన్నబోయింది. "ఇప్పుడు మామూలు వేగంతో చేస్తే ఆదివారం సాయంత్రానికి అందదు. ఏం చెయ్యను పెద్దమ్మా?"

"ఏడుస్తూ కూర్చోకు. ముందు దాన్ని చల్లబడనీ" అంది సీతారత్నం.

ఇద్దరూ కలిసి కంప్యూటర్ డబ్బా విప్పారు. ఫ్యాన్ల మీంచి పిడికెడు దుమ్ము వచ్చింది. దులిపి, ప్రాసెసర్ మీద వేడిని బయటికి లాగే పేస్టు కొత్తగా రాశారు. వేగాన్నీ వోల్టేజీనీ మొదటికి తెచ్చారు. కిన్నెర ఒక్కో మెట్టు పెంచుతూ పరీక్షిస్తే, సీతారత్నం వేగం, వోల్టేజీ, వేడి నోటుబుక్కులో రాసింది. నాలుగు పాయింటు ఆరు దాకా ఏ పరీక్షలోనూ తప్పు రాలేదు. వేడి ఎనభై దాటలేదు. నాలుగు పాయింటు ఏడు దగ్గర పరీక్షలో తప్పు వచ్చింది.

"అయ్యో, పోయింది!" అంది కిన్నెర.

"పోలేదే పిచ్చిపిల్లా, హద్దు ఎక్కడుందో తెలిసింది. వోల్టేజీ జోలికి వెళ్లకు. ఒక మెట్టు దిగు."

దిగడం కిన్నెరకి కొంచెం కష్టంగానే అనిపించింది. అయినా దిగింది. మరో గంట పరీక్షించి, మధ్యాహ్నం పన్నెండింటికి పని మళ్లీ మొదలుపెట్టింది. తయారైన బొమ్మల్ని గంటకోసారి తీసి చూసుకుంది. ఒక్కటీ చెడలేదు. ఆదివారం మధ్యాహ్నం వాళ్లు భోజనానికి కూర్చోబోతుంటే ఆఖరి బొమ్మ పూర్తయింది. కిన్నెర ఎగిరి గంతేసి, అన్నం గరిటెతో ఉన్న పెద్దమ్మను అలాగే గట్టిగా వాటేసుకుంది.

సాయంత్రం బడి హాల్లో కూర్చోవడానికి చోటు లేదు. ఎవరి బొమ్మ తెర మీదికి వస్తే వాళ్లు లేచి "అది నాదే! అది నాదే!" అని అరిచారు. తల్లులు చప్పట్లు కొట్టారు. అయిపోగానే పిల్లలంతా "మళ్లీ వెయ్యండి!" అని గోల చేశారు. హైమవతి గారు నవ్వుతూ మూడుసార్లు వేయించారు.

వేగం పెంచుకోవడం తప్పు కాదు. మెట్టు మెట్టుకీ పరీక్షించుకుంటూ, హద్దు తెలియగానే వెనక్కి తగ్గగలిగినవారి వేగమే పనికివస్తుంది.