గిట్టల నియమం

తుంగబీల పెద్ద చిత్తడి నేల. ఏడాదంతా మోకాలి లోతు నీళ్లు, నీళ్ల చుట్టూ జమ్ము గడ్డి, ఆ గడ్డి దాటితే బోసిగా కాస్త మెరక. నీళ్లలో బాతులూ నీటికోళ్లూ ఉండేవి. మెరక మీద తీతువులు గుడ్లు పెట్టుకునేవి. వీటి మధ్య అయిదు గేదెలు తిరుగుతుండేవి. పాలు ఉడిగిపోయాయని ఊరివాళ్లు వదిలేసిన గేదెలవి. వాటికి పెద్ద కాటుకమ్మ.

కాటుకమ్మకు తెలిసినవి రెండే పనులు. లేత జమ్ము మేయడం, ముదురు జమ్మును తొక్కుకుంటూ వెళ్లి నీళ్లలో పడుకోవడం. నక్క భద్రయ్య కనబడితే మాత్రం తల వంచి, బుస కొట్టి, బీల దాటేదాకా తరిమేది.

ఒక వేసవిలో అకాల వాన పడింది. మెరక ఎక్కుతుంటే కాటుకమ్మ కాలు జారింది. గిట్ట వెళ్లి తీతువు చుక్కమ్మ గూటి మీద పడింది. నాలుగు గుడ్లలో ఒకటి బద్దలైంది.

"ఓలమ్మా, ఎంత పని సేసీసినాను!" అంటూ కాటుకమ్మ ఆ పొద్దంతా మేత ముట్టలేదు. చుక్కమ్మ దాని ముఖం చూడలేదు. మిగతా మూడు గుడ్లూ పిల్లలయ్యాయి గానీ, చుక్కమ్మ కోపం మాత్రం చల్లారలేదు.

సంగతి విని భద్రయ్య పరామర్శకు వచ్చాడు. మర్యాదగా దూరంగానే కూర్చున్నాడు.

"విన్నప్పటి నుంచీ ముద్ద దిగడం లేదమ్మా. అడిగేవాళ్లు లేకనే కదా ఇలా జరిగింది! ఈ బీలను కాపాడ్డానికి ఒక సంఘమంటూ ఉండాలి."

"సంఘవా? ఎవరు పెడతారు?" అంది చుక్కమ్మ.

"మీరే. నాకు పదవులు వద్దు. పక్కన నిలబడి సాయం చేస్తాను, చాలు."

అలా తుంగబీల పరిరక్షణ సంఘం పుట్టింది. అందరికంటే పొడుగైన బెగ్గురు కొంగ అప్పలస్వామిని అధ్యక్షుణ్ణి చేశారు. ఆయన ఎత్తయిన గట్టు చూసుకుని నిలబడ్డాడు. మొదటి సమావేశంలోనే చుక్కమ్మను పిలిచారు.

"గుడ్డు బద్దలైందా, లేదా?" అని అడిగాడు అప్పలస్వామి.

"అయింది. కానీ ఆ రోజు వాన పడి..."

"వాన సంగతి తర్వాత. తొక్కిందెవరు?"

"కాటుకమ్మే."

"చాలమ్మా, కూర్చో."

తన ముగ్గురు పిల్లలూ ఎవరి కాపలాలో బతికారో చుక్కమ్మకు తెలియక కాదు. ఆ మాట నోటిదాకా వచ్చింది. కోపం అడ్డుపడింది. కూర్చుంది.

భద్రయ్య వెనక నుంచి అందించిన నియమాన్ని అప్పలస్వామి గొంతు సవరించుకుని చదివాడు. "నేటి నుంచి గిట్టలున్న జంతువేదీ బీలలో అడుగు పెట్టరాదు."

కాటుకమ్మ నెమ్మదిగా తలెత్తింది. "మరి జమ్ము ఎవులు తొక్కుతారు బాబూ?"

"జమ్ము పచ్చదనం. దాన్ని తొక్కనివ్వకూడదనే కదా ఈ సంఘం!" అన్నాడు అప్పలస్వామి. పక్షులన్నీ రెక్కలు కొట్టాయి.

గేదెలు బయల్దేరాయి. మెరక దగ్గర చుక్కమ్మ ఎదురైంది. తల దించుకుని నేల చూసింది.

"నువ్వు అబద్దవేటీ సెప్పనేదు. నా కాలే కదా పడింది. పిల్లల్ని సూసుకో," అని కాటుకమ్మ రోడ్డు వైపు నడిచింది.

వానాకాలం వెళ్లేసరికి జమ్ము నిలువెత్తు పెరిగింది. ఎక్కడ చూసినా పచ్చగా ఉందని సంఘం సంబరపడింది. శీతాకాలంలో ఉత్తరం నుంచి వచ్చిన బాతుల గుంపులు పైన మూడు చుట్లు తిరిగాయి. దిగడానికి నీళ్లు కనబడక వెళ్లిపోయాయి. "పోనీ, వచ్చే ఏడు వస్తాయి," అన్నాడు అప్పలస్వామి.

వేసవి వచ్చేసరికి మెరకనూ జమ్ము కమ్మేసింది. చేటంత ఖాళీ దొరికితే చుక్కమ్మ అందులోనే గుడ్లు పెట్టింది. ఇదివరకు ఎవరొస్తున్నా ఆమడ దూరం నుంచి కనబడేవారు. ఇప్పుడు ఏ పక్క చూసినా గడ్డి గోడే. పట్టపగలే ఆ గోడలోంచి భద్రయ్య మూతి బయటికి వచ్చింది. చుక్కమ్మ అరిచింది, ముక్కుతో పొడిచింది, రెక్క విరిగినట్టు నటించి పక్కకు లాగబోయింది. భద్రయ్య తల కూడా తిప్పలేదు. నాలుగు గుడ్లూ తిని, మూతి నాక్కుంటూ గడ్డిలోకి వెళ్లిపోయాడు.

చుక్కమ్మ గట్టు దగ్గరికి ఎగిరిపోయి ఏడ్చింది. "అధ్యక్షా, ఆడే! నా కళ్లతో సూసినాను!"

అప్పలస్వామి చాలాసేపు ఆలోచించాడు. "నియమం గిట్టల గురించి కదమ్మా. భద్రయ్యకు గిట్టలు లేవు. అతను నియమం తప్పాడని ఎలా అంటాం?"

పక్షం తిరక్కుండానే అప్పలస్వామి గూడూ ఖాళీ అయింది. అప్పుడు గానీ ఆయనకు నోరు పెగల్లేదు. "చుక్కమ్మా, నువ్వు వెళ్లి కాటుకమ్మను పిలుచుకురా. నియమం తీసేశామని చెప్పు."

చుక్కమ్మ మూడు రోజులు వెతికింది. ఇటుకబట్టీల పక్కన, మట్టి తవ్వేసిన గుంటల్లో ఆ అయిదింట్లో పైడి అనే గేదె ఒక్కతే కనబడింది. డొక్కల్లో ఎముకలు తేలి ఉన్నాయి.

"కాటుకమ్మేది?"

"నీళ్ల కోసం రోడ్డు దాటతంటే లారీ కొట్టీసింది. సంకురాత్రి ముందే."

"మిగిలినోళ్లు?"

"ఎవులో తాళ్లేసి సంతకి తోలుకుపోనారు." పైడి తోకతో ఈగల్ని తోలుకుంది. "ఆయమ్మ నీ కోసం సూసీది. ఇటు ఏ తీతువొచ్చినా అడిగీది, చుక్కమ్మ పిల్లలకి రెక్కలొచ్చాయా అని. నువ్వు ఒక్కసారీ రానేదు."

చుక్కమ్మ పైడి ముందుకు వచ్చి నిలబడింది.

"బీలకి రాయే, పైడీ," అంది.

"నానొక్కద్దాన్నీ వొచ్చి ఏటి సేస్తాను? అంత జమ్ము తొక్కడం నా వొల్ల కాదు. ఇక్కడే ఉండనీ."

చుక్కమ్మ ఒంటరిగా తిరిగొచ్చి జరిగింది చెప్పింది. గట్టు చుట్టూ ఉన్న పక్షులు ఒకదాని ముఖం ఒకటి చూసుకోలేకపోయాయి. మర్నాడు నీటికోళ్లు వెళ్లిపోయాయి. ఆ తర్వాత తీతువులు. అప్పలస్వామి అందరికంటే ఆఖరున లేచాడు. పై నుంచి చూస్తే బీల అంతా పచ్చగా, నిశ్శబ్దంగా ఉంది. ఎక్కడా నీటి చుక్క మెరవలేదు. గడ్డి లోపల ఒకచోట మాత్రం ఏదో మెల్లగా కదులుతోంది.

ఒక చోటును కాపాడాలని బయల్దేరేవాళ్లు, అన్నాళ్లూ దాన్ని కాపాడుతూ వచ్చిందెవరో ముందు తెలుసుకోవాలి.