ముసలయ్య టేకు చేప

సత్యలింగం మాస్టారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పరు, చెప్పులు వేసుకుంటారు. కాకినాడలో ముప్ఫై ఏళ్ళు చేపల పాఠాలు చెప్పి రిటైరైనా ఆయనకు ఆ అలవాటు పోలేదు. పూర్వం ఆయన దగ్గర చదువుకుని, ఇప్పుడు చేపల పరిశోధన కేంద్రంలో పనిచేస్తున్న రమాసుందరి ఒక ఆదివారం వచ్చి, "మాస్టారూ, గుర్తులు రెండు జాతులకీ సరిపోతుంటే ఏ పేరు చెప్పాలి?" అని అడిగింది. మాస్టారు చెప్పులు వేసుకున్నారు.

దారిలో ఆమె సంగతంతా చెప్పింది. మోకాళ్ళు పట్టేసి మిషను తొక్కడం మానేసిన దర్జీ ముసలయ్య, పొద్దుపోక పళ్ళెంలా గుండ్రంగా, తోకకు ముల్లుతో ఉండే ఒక మంచినీటి టేకు చేపను కొనుక్కున్నాడు. అప్పుడది అరచేతంత. కంచమంతకు మించి పెరగదని, టీకప్ అనే చిన్న జాతి అని కొట్టువాడు చెప్పాడు. కానీ మోటోరో అనే పెద్ద జాతి పిల్లల మీదా ఇంచుమించు దీని వీపు మీదున్నలాంటి వలయాలే ఉంటాయి. అదే అయితే ఇంట్లో తొట్టి చాలదు, పరిశోధన కేంద్రంలోని పెద్ద తొట్టికి పంపేయాలి. రమాసుందరి మూడుసార్లు వెళ్ళి చూసి, మూడుసార్లూ టీకప్ అనే చెప్పి వచ్చింది. చెప్పినప్పుడల్లా ముసలయ్య బలవంతాన కాఫీ తాగించి పంపేవాడు. పాపం, ఆ పిల్ల మాత్రం ఏం చేస్తుంది? విడవమంటే పాముకు కోపం, కరవమంటే కప్పకు కోపం.

వీళ్ళు వెళ్ళేసరికి ముసలయ్య తొట్టి ముందు కూర్చుని రొయ్య ముక్కలు అందిస్తున్నాడు. "ఇదేనండీ మా చిట్టి. రెండేళ్ళు నిండలేదు, నా చెయ్యి కనబడితే చాలు పైకి వచ్చేస్తాది," అన్నాడు. మెడలో ఇంకా కొలత టేపు ఉంది. అది లేకపోతే మెడ బోసిగా ఉంటుందట.

మాస్టారు వలయాలు చూడలేదు. పుస్తకం అడగలేదు. "ముసలయ్యా, దీనికి ఓ గౌను కుట్టాలంటే కొలత ఎంత పెడతావు?" అన్నారు.

ముసలయ్య నవ్వుతూ టేపు తీశాడు. చేప అద్దానికి ఆనుకుని పడుకునేదాకా ఆగి, అడ్డంగా కొలిచాడు. "పద్నాలుగు అంగుళాలండీ. ఎదిగే పిల్ల కదా, మడత బాగా వదలాలి. లేకపోతే పై ఏటికల్లా..." అని ఆగిపోయాడు. నలభై ఏళ్ళు ఎదిగే పిల్లలకు బట్టలు కుట్టిన చెయ్యి అది. టేపు తొట్టి వెడల్పు మీదికి దానంతటదే జరిగింది. పద్దెనిమిది అంగుళాలే.

రమాసుందరికి ఏడుపొచ్చింది. చివరికి ముసలయ్యే టేపు చుట్టి, "అమ్మాయిగారూ, మీ తొట్టి వెడల్పెంతండీ?" అని అడిగాడు.

"పన్నెండు అడుగులండీ."

"అయితే హాయిగా తిరుగుతాది," అన్నాడు. మిగిలిన రొయ్య ముక్కలన్నీ ఆ పూటే పెట్టేశాడు.

తిరిగి వస్తుంటే రమాసుందరి కళ్ళు తుడుచుకుని, "మా కేంద్రం రిజిస్టర్లో ఏ పేరు రాయమంటారు మాస్టారూ?" అంది.

"నీకు మొదటిరోజే తెలిసినా ఆయన ముఖం చూసి చెప్పలేకపోయిన పేరు రాయి," అన్నారు మాస్టారు. "ముందు ఆ తొట్టి దగ్గర ఓ మంచి కుర్చీ వేయించు. ఆయన రోజూ వస్తాడు."