కావిగుడ్డ కట్టిన ట్రాక్టరు

ఎవరు ఏ ప్రశ్న అడిగినా పెద్దస్వామి వెంటనే జవాబు చెప్పేవారు కారు. "చూద్దాం నాయనా" అని, చేతిలో ఉన్న పని చేసుకుంటూ పోయేవారు. ఆ చూడడం ఒక్కోసారి సాయంత్రానికే తేలేది, ఒక్కోసారి ఏడాది పట్టేది. ఎవరో ఒకాయన మోక్షం గురించి అడిగి, జవాబు వచ్చేలోగా విసిగిపోయి, పక్క ఊళ్ళో కిరాణా కొట్టు పెట్టుకుని సుఖంగా స్థిరపడ్డాడని ఆశ్రమంలో చెప్పుకుని నవ్వుకునేవారు. అదీ ఒక జవాబే అయి ఉండవచ్చు.

కదిరికి అవతల ఒక గుట్ట కింద ఉండేది ఆ ఆశ్రమం. అక్కడి వాళ్ళు జపం కంటే సేద్యమే ఎక్కువ చేసేవారు. ట్రాక్టరు తోలేవాడి పేరు కుళ్ళాయప్ప. ఒకప్పుడు సారాయికి లొంగి, ఇల్లు చెడగొట్టుకుని, జ్వరంతో వచ్చి ఆశ్రమం అరుగు మీద పడిపోయిన మనిషి. స్వామి తన చేత్తో రాగిజావ పోసి బతికించారు. మళ్ళీ అతను సారాయి ముట్టలేదు. స్వామి తాగిన చెంబు కనిపించినా కళ్ళకద్దుకునేవాడు.

ఆ ఏడు తొలకరి వాన బాగా పడింది. ఆ మర్నాడే గాజులమ్ముకునే ఒకామె కుళ్ళాయప్పకు అతని భార్య అలివేలు మాట మోసుకొచ్చింది. అలివేలు రెండు గుట్టల అవతల పుట్టింటి ఊళ్ళో ఉంటోంది. "తాగేది మానినాడంట గదా. నా చేన్లోనూ వాన పడింది. విత్తేదానికి మనిషి లేడు. వస్తే తలుపు తీసే ఉంటాది." అంతే ఆ మాట.

కుళ్ళాయప్ప ఆ రాత్రంతా నిద్రపోలేదు. తెల్లవారి స్వామి దగ్గరికి వెళ్ళి చేతులు కట్టుకు నిలబడ్డాడు.

"సామీ, పోవాలనే ఉంది. కానీ ఈ ప్రాణం మీరు పెట్టింది. మిమ్మల్ని ఇడిసిపెట్టి పోతే, మీరు చేసిన మేలు మరిచినోణ్ణి కానా నేను?"

స్వామి విత్తనానికి వేరుశనక్కాయలు ఒలుస్తున్నారు. తల ఎత్తలేదు. "చూద్దాం నాయనా. ముందు మన చేను విత్తు, పదును ఆరకముందే" అన్నారు. ఆ సీమలో వాన వెలిశాక విత్తనం మొలవడానికి సరిపడా తడి నేలలో నిలిచేది కొద్ది రోజులే. అది దాటితే ఆ ఏడు తిండికి ఆకాశం వైపు చూడాల్సిందే, ఆశ్రమమైనా, అలివేలైనా.

అతను వెళ్ళి ట్రాక్టరు స్టార్టు చేశాడు. అది ఎవరో రైతు కొత్తది కొనుక్కుని దానమిచ్చిన ముసలి బండి. అసలు దాని రంగేమిటో ఎవరికీ గుర్తు లేదు. చేను గట్టు దాకా వెళ్ళేసరికి ఇంజను కింద నుంచి ఆయిలు ధారగా కారుతోంది.

మెకానిక్ మస్తాన్ వలీకి కబురు వెళ్ళింది. స్కూటరు దిగుతూనే అన్నాడు, "మీ ఆశ్రమంలో బండ్లు కూడా కండ్లనీళ్ళు పెట్టుకుంటాయా కుళ్ళాయప్పా? ఏం బోధ చేసినావు దీనికి?" ఆయిలు సీలు మార్చి, నట్లన్నీ బిగించి, స్వామి ఇచ్చిన మజ్జిగ తాగి వెళ్ళాడు. మజ్జిగ చప్పరించి ఉప్పు తక్కువైందని కూడా చెప్పాడు. మర్నాడు రెండో పక్క నుంచి కారింది. మళ్ళీ వచ్చాడు, ప్యాకింగు మార్చాడు. ఈసారి ముందు వైపు కారింది.

"నా చేత్తో ఏసిన సీలు కారడమా!" అని మస్తాన్ మండిపడ్డాడు. "బయట తెలిస్తే నాకు సైకిల్ పంచరు కూడా ఎవరూ ఇయ్యరు."

స్వామి ఇస్తానన్న జవాబు ఇదేనేమోనని కుళ్ళాయప్పకు లోలోపల తోచింది. పోవద్దంటోంది బండి. ఆ ఆలోచనకు దిగులు వేసింది. మోయాల్సిన బరువు ఎవరో దించినట్టు కాస్త తేలికగానూ ఉంది.

మస్తాన్ ఇంజను ఆన్ చేయించి, ఎక్కడ కారుతోందో చూడ్డానికి కిందికి దూరాడు. కుళ్ళాయప్ప పక్కన నిలబడ్డాడు. ఇంజను పైన బోర్లించిన గిన్నెలాంటి మూత ఉన్న చిన్న గొట్టం ఒకటి ఉంది. మొన్న ఏరువాక పున్నమినాడు ఎద్దులున్నవాళ్ళు ఎద్దులను సింగారిస్తే, ఎద్దులు లేని కుళ్ళాయప్ప ట్రాక్టరును కడిగి, ఆ గిన్నెమూతకే పసుపూ గంధమూ మెత్తి, స్వామి కట్టి విడిచిన కావిపంచె చింపి మడతల మీద మడతలుగా చుట్టి, ముడి మీద ముడి వేశాడు. అప్పటి నుంచి వాన పడేదాకా బండి కదలకుండా నిలిచే ఉన్నా, రోజూ దానికి మొక్కేవాడు. ఇప్పుడా గుడ్డ ఆయిలు పీల్చి నల్లబడిపోతోంది. అతని ప్రాణం ఒప్పలేదు. స్వామి గుడ్డకు మసి అంటుతోందని, ఉతికి మళ్ళీ కడదామని, ముళ్ళు విప్పి లాగాడు.

బుస్సుమని వేడి పొగ మొహానికి కొట్టింది.

"ఏం చేసినావప్పా?" కింద నుంచి మస్తాన్ కేక. "ధార నిలిచిపోయె!"

"గుడ్డ ఇప్పినా. ఏం, తప్పా?"

మస్తాన్ బయటికి దేకి వచ్చి గొట్టాన్ని చూశాడు, నెత్తి కొట్టుకున్నాడు. "ఇది ఇంజను ఊపిరి ఇడిసే గొట్టం గదప్పా! దీని నోరు కడితే లోపలి ఆవిరి యాడికి పోవల్ల? సందు దొరికిన కాడల్లా ఆయిల్ని తోసుకోని బయటికొస్తాది."

"మరి నువ్వెందుకు చూడలేదన్నా?"

"చూడకేం, వచ్చిన రోజే చూసినా. సామి గుడ్డ, పైగా నువ్వు పూజ చేసింది. ఈ మసి చేతుల్తో నేనెట్ల ముట్టుకుందును?"

చేను గట్టు మీద కూర్చున్న పెద్దస్వామి కాయలు ఒలవడం ఆపి, దగ్గు వచ్చేదాకా నవ్వారు. "ఇద్దరు భక్తుల నడుమ దాని ప్రాణం మీదికొచ్చింది కదయ్యా" అన్నారు. కుళ్ళాయప్ప రెండు చేతులా పట్టుకున్న ఆ గుడ్డను తీసుకుని మస్తాన్ వైపు విసిరారు. "మెత్తటి గుడ్డ. చేతులు తుడుచుకో." మస్తాన్ ఒక క్షణం జంకి, తర్వాత మోచేతుల దాకా శుభ్రంగా తుడుచుకున్నాడు.

ఆ పగలే బండికి విత్తనాల గొర్రు తగిలించారు. మర్నాటి మధ్యాహ్నానికల్లా ఆశ్రమం చేను విత్తడం అయిపోయింది. ముసలి బండి ఒక్క చుక్క కార్చలేదు. పైనున్న గొట్టంలోంచి సన్నటి ఆవిరి వదులుతూ, దాని ధోరణిలో అది తిరిగింది. సాళ్ళ వెంట తడిమట్టి వాసన లేస్తుంటే, కుళ్ళాయప్ప మనసులోనే వానకు, బండికి, మస్తాన్‌కు, ఎప్పుడో తాగిన రాగిజావకు వరసగా దణ్ణాలు పెట్టుకుంటూ తోలాడు.

ఆఖరి సాలు ముగించి గట్టు దగ్గరికి వచ్చేసరికి అక్కడ స్వామి నిలబడి ఉన్నారు. మిగిలిన విత్తనాల మూటను ఆయనే మోసుకొచ్చి సీటు పక్కన పెట్టి, జారకుండా తాడుతో బిగించారు. ఆ గట్టు దాటితే రెండు గుట్టల మధ్య నుంచి అలివేలు ఊరికి పోయే బండిదారి.

కుళ్ళాయప్ప మూటను చూశాడు, దారిని చూశాడు. స్వామి కాళ్ళకు మొక్కుదామని ఇంజను ఆపబోతూ, ఒక కాలు కిందికి పెట్టాడు.

స్వామి వెనక్కి జరిగారు.

"దిగకు నాయనా" అన్నారు. "మొక్కాలంటే బండి ఆపాలి."