నరసమ్మత్త కాలికి పాలసీ

గరుగుపాలెంలో గవరయ్య, సింహాద్రి, పైడయ్య అని ముగ్గురన్నదమ్ములు. తెలివంటే తమదేనని వాళ్ళ నమ్మకం. "మనింటి తెలివిలో ఒక్క చుక్క కూడా ఇంతవరకూ ఖర్చు కాలేదు. ఉన్నదున్నట్టే ఉంది!" అనేవాడు గవరయ్య గొప్పగా.

వాళ్ళని పెంచింది మేనత్త అప్పలనరసమ్మ. చిన్నప్పుడే పోలియో వచ్చి ఆవిడ ఎడమకాలు సన్నబడిపోయింది. ఇప్పుడు డెబ్బై దాటాయి, చూపూ మందగించింది. "అత్తకేమైనా అయితే మనకి దిక్కెవరు?" అని ముగ్గురికీ బెంగ. ఏ బీమా వాళ్ళని అడిగినా పాలసీ ఇవ్వం అన్నారు. చివరికి భానోజీ అనే ఏజెంటు దొరికాడు.

"ఇలాంటి పెద్దవాళ్ళ కోసమే మా దగ్గర వేరే పాలసీ ఉంది. ఆవిడ మంచం పడితే నాకు చెప్పండి. ఖర్చంతా కంపెనీ చూసుకుంటుంది."

"చూసి ఊరుకుంటుందా, కడుతుందా?" అన్నాడు సింహాద్రి.

"కడుతుంది బాబూ!"

"దేంతో? పలుపుతాడా, చేంతాడా?" అన్నాడు పైడయ్య.

భానోజీ చెంబెడు నీళ్ళు తాగి, పాలసీ రాసి, బీమా కార్డు చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

ఒకనాడు అత్త అరుగు మీంచి జారింది. ఆ సన్నకాలే మడత పడింది. "చచ్చాన్రా నాయనా!" అని ఒకటే ఏడుపు. గవరయ్య కూడా ఏడుస్తూ ఫోను తీశాడు. సింహాద్రి ఆపాడు.

"మంచం పడితే కదా చెప్పమన్నాడు? అత్త నేల మీద పడింది."

అంతే. ముగ్గురూ అత్తని ఎత్తి మంచం మీద పడేసి, "ఇప్పుడు పడిందండీ!" అని ఫోన్ చేశారు.

"వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి. డబ్బులు అక్కర్లేదు, కార్డు చూపిస్తే చాలు," అన్నాడు భానోజీ.

ఇంకేముంది! జేబుల్లో చిల్లరతో సహా డబ్బంతా ఇంట్లో పెట్టేశారు. ఆటోకి డబ్బుల్లేవు. మంచంతోనే అత్తని మోసుకెళ్ళారు. నర్సుకి కార్డు చూపించారు. ఆవిడ తలూపింది. అంతే, మంచం ఎత్తుకుని ఇంటికొచ్చేశారు.

"నొప్పి అలాగే ఉందిరా!" అంది అత్త.

"చూపిస్తే చాలన్నాడు కదత్తా. కాసేపు ఓర్చుకో, కార్డు పని చెయ్యాలి కదా!"

కాలు బూరెలా పొంగింది. భానోజీ ఫోన్లో నెత్తి బాదుకున్నాడు. "ఆవిణ్ణి ఆస్పత్రికి చేర్చండయ్యా!"

మళ్ళీ మోశారు. మంచాన్ని తీసుకెళ్ళి ఆస్పత్రి గోడకి చేర్చారు. సందు మిగిలిందని ఇంకాస్త నెట్టారు. అదృష్టం కొద్దీ నర్సు చూసి లోపలికి పట్టుకెళ్ళింది.

ఎముక విరగలేదు. డాక్టరమ్మ కట్టు కట్టి, "పది రోజులు ఈ కాలు కింద పెట్టకూడదు," అంది. బిల్లు కంపెనీయే కట్టింది.

"కింద పెట్టకూడదంటే పైన పెట్టొచ్చన్న మాట," అన్నాడు గవరయ్య.

అంతే, అత్తని డాబా ఎక్కించారు. ఆవిడ కుంటుకుంటూ హాయిగా వడియాలు పెట్టసాగింది.

పలకరించడానికొచ్చిన భానోజీ పైకి చూసి కేకపెట్టాడు. "అమ్మా, ముందు కిందికి దిగండి!"

"దిగితే కాలు కింద పెట్టినట్టు కాదూ? బీమా పోతుంది బాబూ!"

"ఓరి నాయనో! కాలు నేలకి తగలకుండా చేతుల మీద దింపండయ్యా!"

ముగ్గురూ పరిగెత్తి మెట్ల మీద బోర్లా పడుకున్నారు. మెట్టుకో చెయ్యి పరిచారు. "రా అత్తా!" అన్నారు. భానోజీ వద్దు వద్దని అరుస్తూనే ఉన్నాడు. అత్త చెయ్యి మీంచి చెయ్యి మీదికి అడుగేసుకుంటూ దిగిపోయింది.

ఇంకేముంది! ముగ్గురి చేతులకీ కట్లు పడ్డాయి. వాళ్ళకి ముద్దలు కలిపి పెడుతూ అత్త భానోజీని పిలిచింది.

"ఈ చేతుల ఖర్చు కూడా నా పాలసీలోనే రాసుకోండి బాబూ. ఇవి నా కాలి కిందికే వచ్చాయి!"