పావురం గూడూ పొగగొట్టమూ

కోదండానికి ఆ పూట అన్నం సయించలేదు. కారణం తవిటయ్య.

చింతపల్లి ఎగువన, కొండమీద ఒకప్పటి కాఫీ దొరగారి బంగళాలో జోగయ్య గురువుగారి ఆశ్రమం ఉంది. చలికాలం అక్కడ నీళ్ళు ముట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోతాయి. ముసలివాళ్ళు వణికిపోతున్నారని ఒక భక్తుడు గ్యాస్ ఫర్నేసు పంపించాడు. వెనక గదిలో మంట మండుతుంది, వేడిగాలి రేకు గొట్టాల్లోంచి గదులన్నిటికీ వెళ్తుంది, కాలిన పొగ వేరే గొట్టంలో కప్పు దాటి బయటికి పోతుంది.

మరి దాన్ని బిగించే పని ఎవరిది? ఆశ్రమానికి రాకముందు విశాఖపట్నంలో హోటళ్ళకి గ్యాసు గొట్టాలు అమర్చి చెయ్యి తిరిగిన కోదండానిది కదా! గురువుగారు మాత్రం నిన్నగాక మొన్న వచ్చిన తవిటయ్యని పిలిచి ఆ పని అప్పగించారు. కోదండాన్ని దగ్గరుండి చూడమన్నారు.

దగ్గరుండి చూడడమట! తవిటయ్య తెచ్చిన అల్లం నీళ్ళే గురువుగారికి రుచి, తవిటయ్య మాటకే ఆయనకి నవ్వు. ఇప్పుడు ఇదొకటి. కోదండానికి ఒళ్ళు మండిపోయింది. ఆ ఛాయలకే పోకుండా పెరట్లో కట్టెలు కొడుతూ కూర్చున్నాడు.

దొరగారి కాలం నాటి పొగగూట్లోంచి గొట్టం పైకి తియ్యాలి. తవిటయ్య ఎక్కి చూస్తే అందులో పావురం గుడ్లమీద కూర్చుని ఉంది. చెయ్యి పెట్టినా కదల్లేదట. గూడు కదపకుండానే పని కానిచ్చానని భోజనాల దగ్గర చెప్పాడు. దగ్గుతో మంచం పట్టిన సన్యాసమ్మ ఆ మాటకి కళ్ళు తుడుచుకుంది. గురువుగారు తవిటయ్య తలమీద చెయ్యి వేశారు. తన తలమీద ఆ చెయ్యి పడి ఎన్నాళ్ళయిందో కోదండానికి గుర్తు రాలేదు. విస్తరి మడిచి లేచిపోయాడు.

గూడు కదపకుండా గొట్టం ఎలా పోయిందో చూద్దామని అటక ఎక్కాడు. తప్పు పట్టడానికే ఎక్కాడు, అందులో దాపరికం ఏమీ లేదు. తప్పు దొరికింది. గొట్టం మూతి పొగగూట్లోకి పోకుండా అటకలోనే ఆగిపోయింది. పెంకుల సందుల్లోంచి పొగ అదే పోతుందిలే అనుకున్నాడు కాబోలు పిచ్చి తవిటయ్య. కాలిన గ్యాసుకి రంగుండదు, వాసనుండదు. అటక నిండి నెమ్మదిగా గదుల్లోకి దిగుతుంది. పడుకున్నవాళ్ళు పడుకున్నట్టే పోతారు.

కోదండానికి ప్రాణం లేచొచ్చింది. దీపాల వేళ గురువుగారు అందరినీ కూర్చోబెట్టి ఫర్నేసు వెలిగిస్తారు. సరిగ్గా అప్పుడు, అందరి ముందూ, ఆగండి గురువుగారూ అనాలి. తవిటయ్య మొహం అప్పుడు చూడాలి. ఈలోగా ఎవరితోనూ అనకూడదు. కాఫీ తోటలోకి పోయి, ఏ మాట ముందు ఏ మాట వెనక అని సరిచూసుకుంటూ తిరిగాడు.

పొద్దు వాలకముందే వెనక్కి వచ్చాడు. వసారాలో కాలు పెట్టగానే వెచ్చగా తగిలింది.

ఒక్క ఉదుటున వెనక గదికి పరిగెత్తి గ్యాసు కట్టేశాడు. తలుపులూ కిటికీలూ బార్లా తెరిచాడు. కేకలు పెట్టి అందరినీ బయటికి తోలాడు. సన్యాసమ్మ లేవలేదు. మంచంమీంచి ఎత్తుకుని వాకిట్లోకి తెచ్చి పడుకోబెట్టాడు. చల్లగాలి తగిలి కాసేపటికి ఆవిడ కళ్ళు తెరిచి, తల పగిలిపోతోంది నాయనా అంది.

తవిటయ్య దగ్గరికి వచ్చాడు. సన్యాసమ్మకి దగ్గు ఎక్కువైందని, దీపాల వేళదాకా ఆగలేకపోయామని చెప్పాడు.

"నీకోసం వెతికాం అన్నా. అటక ఎక్కి చూసి దిగావని నేనే చెప్పాను. కోదండం చూశాడుగా, ఇంకేం భయం, వెలిగించు అన్నారు గురువుగారు."

కోదండం తల ఎత్తలేదు. గురువుగారు తన శాలువా తీసి సన్యాసమ్మకి కప్పారు.

"ఆవిడ తల పట్టు," అన్నారు కోదండంతో.

కోదండం కూర్చుని ఆవిడ తల ఒళ్ళో పెట్టుకున్నాడు. కణతలు నొక్కాడు. తను కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ గుర్తు లేదు. సన్యాసమ్మ చెయ్యెత్తి అతని గడ్డం పట్టుకుంది.

"నా ప్రాణం నిలబెట్టావు బాబూ. నువ్వు వేళకి చూడబట్టి గానీ! నూరేళ్ళు బతుకు."

కోదండం చేతులు ఆగిపోయాయి. గురువుగారి వైపు చూశాడు. ఆయన చూపు తిప్పుకోలేదు.

"మధ్యాహ్నమే చూశానమ్మా," అన్నాడు కోదండం. "చెప్పలేదు."

సన్యాసమ్మ చెయ్యి అతని గడ్డం మీదే ఉండిపోయింది. కోదండం సిగ్గుతో చచ్చిపోతూనే మళ్ళీ ఆవిడ కణతలు నొక్కడం మొదలుపెట్టాడు.

గురువుగారు లేచి లోపలికి వెళ్ళారు. గొట్టాలు బిగించే పానా తెచ్చి కోదండం పక్కన పెట్టారు.

"నొప్పి తగ్గాక లేచి వెళ్ళు. గోడకి కన్నం పెట్టి గొట్టం అటు తియ్యి. గూడు జోలికి పోకు," అన్నారు. "తవిటయ్య దగ్గరుండి చూస్తాడు."