పిల్లులు రాసిచ్చిన పత్రం

అనగనగా అని నేను మొదలుపెడతాను, మీరు ఊఁ కొడుతూ ఉండాలి. మధ్యలో నిద్రపోయినవాళ్ళకి మళ్ళీ మొదటి నుంచి చెప్పను.

అనగనగా పొన్నవరం అని ఒక ఊరు. అప్పటికి ఆ దేశానికి కాగితం రాలేదు. ఏం రాసినా తాటాకుల మీదే రాసేవారు. ఆ ఊళ్ళో విస్సన్న అనే లేఖకుడు ఉండేవాడు. ఆకు మీద ఘంటంతో అక్షరాలు గీసి, ఆ గీతల్లో మసి రుద్దితే ముత్యాలు పేర్చినట్టుండేవి. ఆయన ఇంట్లో మూడు తరాల గ్రంథాలున్నాయి. ఎలుకలకి తాటాకులంటే మహా ప్రీతి. అందుకని ఆ ఇంట్లో రెండు పిల్లులుండేవి.

తెల్లదాని పేరు వెన్నెల, నల్లవాడి పేరు మసిగాడు. వెన్నెల నోరు తెరిస్తే తేనె కారేది. మసిగాడు ఉన్నదున్నట్టు మాట్లాడేవాడు. అందుకే వాణ్ణి ఎవరూ పెద్దగా పలకరించేవారు కాదు.

ఆ ఇంటికి కేతకి కోడలిగా వచ్చింది. ఆ సీమలో పెళ్ళికూతురికి పుట్టింటివాళ్ళు ప్రాణమున్నదాన్ని ఏదో ఒకటి అరణంగా ఇచ్చి పంపుతారు. కలిగినవాళ్ళు ఆవునిస్తారు, లేనివాళ్ళు కోడిపెట్టనిస్తారు. కేతకి తండ్రి ఆమె చేతులతో పెంచిన చిలుకనే ఇచ్చి పంపాడు. దాని పేరు మరకతం. భర్త రాజుగారి కొలువులో రాతపని చేస్తూ పక్షానికోసారి ఇంటికొచ్చేవాడు. అత్తగారు ఏనాడో కాలం చేసింది. ఆ కొత్త ఇంట్లో కేతకిని "అక్కా" అని పిలిచే గొంతు మరకతానిదొక్కటే. అది లేకపోతే ఆ ఇల్లు తనకి అడవే.

కేతకి పంజరంతో గడప దాటగానే రెండు పిల్లులూ తల ఎత్తాయి. వాటి చూపు పంజరం మీంచి కదల్లేదు.

"మామయ్యగారూ, ఈ పిల్లులతో నా చిలుకకి ముప్పేమో" అంది.

"భయపడకు తల్లీ!" అన్నాడు విస్సన్న. "ఇది లేఖకుల ఇల్లు. ఇక్కడ రాసిన మాటకి తిరుగులేదు. పిల్లుల చేత పత్రం రాయించుకుందాం."

చదువుకున్నవాళ్ళు పొరపాటు చేసినా పద్ధతిగానే చేస్తారు. విస్సన్న నిగనిగలాడే ఆకు ఒకటి ఏరి, తీరిగ్గా కూర్చుని ఇలా రాశాడు: "వెన్నెల, మసిగాడు అను మేమిద్దరం ఈ ఇంటి చిలుకను తోబుట్టువుగా చూసుకొనగలము. పంజా విసరము, పన్ను మోపము. ఇది మా ఇష్టపూర్తిగా రాసి ఇచ్చిన పత్రం."

వెన్నెల మసిలో పంజా అద్ది టక్కున ముద్ర వేసింది. "మరకతం నా చెల్లెలు! దాని మీద ఈగ వాలినా ఊరుకోను" అంది.

మసిగాడు మాత్రం పంజా వెనక్కి లాక్కున్నాడు. "అయ్యా, ముద్ర వెయ్యడానికేం గానీ..." అని నసిగాడు. ఆ మాట పూర్తికాకముందే విస్సన్న వాడి పంజా పట్టుకుని అద్దేశాడు.

పత్రాన్ని దూలానికి వేలాడదీశారు. పంజరం తలుపు తీశారు. రెండు రోజులు అంతా బాగానే ఉంది. మూడోనాడు పొద్దున మరకతం ఒళ్ళు విరుచుకుని పంజరంలోంచి పీట మీదికి ఎగిరింది. రెక్కలు టపటపలాడాయో లేదో, వెన్నెల గాల్లో ఉంది. కేతకి చేతిలో చేట విసిరేసి కేక పెట్టింది. మరకతం ఎలాగో దూలమెక్కి ప్రాణం దక్కించుకుంది. దాని తోక ఈకలు రెండు వెన్నెల నోట్లో ఉన్నాయి.

"నేను దూకలేదమ్మా, నా కాళ్ళు దూకాయి!" అని వెన్నెల బావురుమంది. పాపం, అది అబద్ధం కూడా కాదు.

విస్సన్న చాలాసేపు ఆలోచించాడు. "ఆకలమ్మా, ఇదంతా ఆకలి వల్లే! ఆకలి ముందు ఏ పత్రమూ నిలవదు. రాసేటప్పుడు ఆ సంగతి మరిచాను. రేపటి నుంచి వీటికి కడుపునిండా పెడదాం" అన్నాడు.

పొద్దున పెరుగన్నం, మధ్యాహ్నం చేపల పులుసు, సాయంత్రం మీగడ పాలు. పిల్లులు బొద్దుగా తయారై ఎక్కడివక్కడ వాలిపోయేవి. ఎలుకలకి పండగొచ్చింది. ఒక పెద్ద గ్రంథంలో రెండు అధ్యాయాలు నమిలేశాయి. అయినా విస్సన్న ఓర్చుకున్నాడు. కోడలి కళ్ళల్లో నీళ్ళు చూడటం కంటే అదే నయమనుకున్నాడు.

ఒకనాడు కేతకి బియ్యం ఏరుతుంటే, రాలిన గింజల కోసం మరకతం నేల మీద గంతులు వేసుకుంటూ వచ్చింది. మసిగాడు పక్కనే మత్తుగా పడుకుని ఉన్నాడు. గింజ దొరికిన సంబరంలో మరకతం ఒక్కసారి రెక్కలు విప్పింది. అంతే, మసిగాడి పంజా లేచింది. రెక్క కింద సన్నటి గీత పడింది.

చూడటానికి అది చాలా చిన్న గీత. కానీ మరకతం ఈకలన్నీ ఉబ్బించుకుని మూల ముడుచుకుంది. మూడు రోజులు గింజ ముట్టలేదు, "అక్కా" అనలేదు. కేతకి కూడా సరిగ్గా తినలేదు. వైద్యుడు మందు వేసి, "పిల్లి గోరు వెంట్రుకంత గీసినా పిట్టకి ప్రాణం మీదికొస్తుంది. ఈసారి గట్టెక్కింది. ఇంకోసారైతే నేను చెప్పలేను" అన్నాడు.

పిల్లుల్ని పంపేస్తే గ్రంథాలు మిగలవు. పిల్లుల్ని ఉంచితే మరకతం మిగలదు. చిలుకని పుట్టింటికి పంపేద్దామని కేతకి పంజరం తుడవడం మొదలుపెట్టింది. కన్నీళ్ళు పంజరం మీదే పడుతున్నాయి.

అప్పుడు మసిగాడు వచ్చి దూరంగా కూర్చున్నాడు.

"అమ్మా, ఒక్క మాట. నన్ను నమ్మకు" అన్నాడు.

కేతకి తలెత్తి చూసింది.

"ఆనాడే చెబుదామనుకున్నా, అయ్యగారు విన్లేదు. నాకు ఆకలి లేదు, మరకతం మీద పగ లేదు. కానీ రెక్క ఆడితే నా పంజా ఆగదు. ఇవాళ ఆగదు, రేపూ ఆగదు. నేనెంత మంచివాణ్ణయినా ఆగదు. నా చేత ఒట్లు వేయించకు. మా మధ్య తలుపు వెయ్యి."

కేతకికి ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్ళూ ఆ ఇంట్లో అందరూ పిల్లుల్ని మార్చాలనే చూశారు గానీ, తలుపు సంగతి ఎవరికీ తట్టలేదు!

ఆ రోజు నుంచి కేతకి గది మరకతానిదైంది. ఆ గడప పిల్లులు దాటకూడదు, తలుపుకి ఎప్పుడూ గడియే. మరకతాన్ని ఎండకి బయటికి తెచ్చేముందు పిల్లుల్ని గ్రంథాల గదిలోకి పంపి గడియ వేసేది. వేసిన గడియని ఒకసారి లాగి చూసేది. పంజరాన్ని గోడగూటి మీంచి గానీ స్తంభం మీంచి గానీ పిల్లి దూకినా అందనంత ఎత్తున, గది నడిమధ్యన కట్టింది. పిల్లులు మళ్ళీ ఎలుకల పని పట్టాయి. మరకతానికి తోక ఈకలు మొలిచాయి.

ఏడాది గడిచింది. వెన్నెల రోజూ కేతకి గది తలుపు దగ్గర కూర్చుని లోపలున్న మరకతంతో కబుర్లు చెప్పేది. ఒకనాడు విస్సన్నే, "ఇంకా ఎందుకమ్మా ఈ గడియ? రెండూ ఎంత చక్కగా మాట్లాడుకుంటున్నాయో చూడు" అన్నాడు.

"అవునక్కా, వెన్నెల చాలా మంచిది. తలుపు తియ్యి" అంది లోపల్నుంచి మరకతం.

వెన్నెల ముందుకాళ్ళు రెండూ తలుపుకి ఆనించి నిలబడింది. "తియ్యమ్మా. చెల్లెల్ని ఒక్కసారి కళ్ళారా చూసుకుంటాను."

ముగ్గురూ అడిగేసరికి కేతకి మనసు కరిగింది. చెయ్యి గడియ మీదికి వెళ్ళింది. తలుపు తీస్తున్నారన్న సంతోషంతో లోపల మరకతం రెక్కలు టపటపలాడించింది.

"నా బంగారు చెల్లెలు, నా..." అంటూనే ఉంది వెన్నెల. దాని గోళ్ళు పదీ బయటికొచ్చి తలుపు చెక్కలోకి దిగిపోయాయి.

కేతకి చెయ్యి ఆగిపోయింది. వెన్నెల తన పంజాల వంక తనే చాలాసేపు చూసుకుంది. తర్వాత మెల్లగా గోళ్ళు ఊడదీసుకుని కిందికి దిగింది.

"అమ్మా, గడియ తియ్యకు" అంది. ఈసారి దాని గొంతులో తేనె లేదు. అది మనసులోంచి వచ్చిన మాట.

విస్సన్న వెళ్ళి గడియని స్వయంగా లాగి చూశాడు, గట్టిగానే ఉంది. తలుపుకి ఇవతల వెన్నెల, అవతల మరకతం ఎప్పటిలాగే కబుర్లలో పడ్డాయి. ఆ స్నేహం అవి ముసలివయ్యేదాకా సాగింది.

అందుకే పిల్లలూ, ఏమీ చెయ్యనని ఒట్టు వేసేవాడి కంటే, తన బలహీనత తానెరిగి తలుపు వెయ్యమని అడిగేవాడే నమ్మదగిన స్నేహితుడు.